లారవెల్ ఫారం సబ్మిట్ చేస్తే పేజీ ఖాళీగా తిరిగి వస్తోంది: తప్పు రూల్‌లో ఉందా, మరెక్కడైనా ఉందా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. గుంటూరులోని ఒక కోచింగ్ సెంటరు కోసం లారవెల్‌లో (పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు రాసే ఫ్రేమ్‌వర్క్) విద్యార్థుల నమోదు ఫారం తయారు చేస్తున్నారు. అందులో పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో, హాస్టల్ కావాలా అనే చెక్‌బాక్స్ ఉన్నాయి. అన్నీ నింపి సబ్మిట్ నొక్కితే పేజీ ఒక్కసారి కదిలి అదే ఫారం ఖాళీగా వస్తోంది. ఎర్రర్ కనిపించడం లేదు, టేబుల్‌లో వరుస చేరడం లేదు, లాగ్ ఫైలులోనూ ఏమీ లేదు. రూల్స్ (ఏ ఫీల్డులో ఎలాంటి విలువ ఉండాలో చెప్పే షరతులు) అన్నీ తీసేస్తే మాత్రం సేవ్ అవుతోంది కాబట్టి వ్యాలిడేషన్‌లోనే, అంటే ఆ షరతుల తనిఖీలోనే, ఏదో బగ్ ఉందేమోనని మీ అనుమానం.

బగ్ లేదు. మీ ఫోన్ నంబరు రూలే ప్రతిసారీ ఫారాన్ని వెనక్కి పంపుతోంది; ఆ సంగతి మీకు చెప్పే ఎర్రర్ సందేశాన్ని మీ బ్లేడ్ పేజీ (తెరమీద కనిపించేదాన్ని రాసే లారవెల్ ఫైలు) ఎక్కడా చూపించడం లేదు. మీరు ఫోన్‌కు ‘రిక్వయిర్డ్, ఇంటిజర్, మ్యాక్స్ 10’ అని రాశారు. పది అంకెలకు మించకూడదన్నది మీ ఉద్దేశం. కానీ ‘మ్యాక్స్’ అనే రూల్ తన పక్కన ఏ రూల్ ఉందో చూసి అర్థం మార్చుకుంటుంది: మామూలు పాఠానికి అది క్యారెక్టర్ల సంఖ్య, అర్రేకు అంశాల సంఖ్య, ఫైలుకు కిలోబైట్లు, ‘ఇంటిజర్’ లేదా ‘న్యూమరిక్’ పక్కన ఉంటే ఆ సంఖ్య విలువ. అంటే మీ రూల్ ‘ఫోన్ నంబరు విలువ 10 దాటకూడదు’ అని చెబుతోంది. ఏ మొబైల్ నంబరూ దాన్ని దాటుకుని లోపలికి రాలేదు. ఆ రెండింటి స్థానంలో ‘డిజిట్స్ 10’ అని రాయండి. మొదటి అంకె 6 నుంచి 9 లోపు ఉండాలన్న రెజెక్స్‌ను (అక్షరాల అమరికను వర్ణించే సూత్రాన్ని) జతచేస్తే ఇంకా మంచిది.

ఆ కాలమ్‌ను డేటాబేస్‌లో ‘ఇంటిజర్’గా పెట్టి ఉంటే దాన్ని కూడా ఇప్పుడే స్ట్రింగ్‌గా మార్చండి. మైఎస్‌క్యూఎల్ మామూలు ‘ఇంట్’ కాలమ్ పట్టగలిగే గరిష్ఠ సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లన్నీ 6 లేదా అంతకంటే పెద్ద అంకెతో మొదలవుతాయి కాబట్టి ఏ ఒక్కటీ అందులో పట్టదు. స్ట్రిక్ట్ మోడ్‌లో (హద్దు దాటిన విలువను డేటాబేస్ ఒప్పుకోని అమరికలో) అయితే ఎర్రర్ వచ్చి ఆగుతుంది. స్ట్రిక్ట్ మోడ్ లేని ఒక పాత అప్లికేషన్‌ను బాగుచేయమని విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక హోల్‌సేల్ దుకాణం వారు నాకు ఇచ్చినప్పుడు, కస్టమర్ల పట్టికలో అందరి ఫోన్ నంబరూ 2147483647 అనే ఉంది. అసలు నంబర్లు తిరిగి రాలేదు. పాత బిల్లు పుస్తకాలు తిరగేసి రాసుకోవలసి వచ్చింది. ఫోన్ నంబరుతో మనం కూడికలు, తీసివేతలు చేయం. అది అంకెలతో రాసిన పేరు లాంటిది.

ఇక ఎర్రర్ ఎందుకు కనిపించలేదో చూద్దాం. వ్యాలిడేషన్ విఫలమైతే లారవెల్ ఎర్రర్లనూ, మీరు నింపిన విలువలనూ సెషన్‌లో (సర్వర్ మీ కోసం ఉంచుకునే తాత్కాలిక నిల్వలో) ఒక్క రిక్వెస్ట్ మేరకు దాచి, మిమ్మల్ని వచ్చిన పేజీకే తిప్పి పంపుతుంది. దీన్ని అది మామూలు వ్యవహారంగా భావిస్తుంది గనుక లాగ్ ఫైలులో రాయదు. తిరిగి వచ్చిన పేజీలో ‘ఎర్రర్స్’ వేరియబుల్‌ను మీరు ముద్రించకపోతే, ప్రతి ఇన్‌పుట్‌లో ‘ఓల్డ్’ ఫంక్షన్‌తో పాత విలువను వేయకపోతే, చూసేవారికి ఖాళీ ఫారమే కనిపిస్తుంది. మీకు జరిగింది అక్షరాలా ఇదే. ఫారం పైభాగాన ఎర్రర్లన్నీ ఒకచోట ముద్రించే నాలుగు వరుసలు మొదట పెట్టండి, ఆ తర్వాతే రూల్స్ జోలికి వెళ్లండి. అప్పుడు ఫోన్ దగ్గర కనిపించే ఇంగ్లీషు సందేశంలో ‘10 కంటే ఎక్కువ ఉండకూడదు’ అన్న అర్థం ఉంటుంది గానీ ‘క్యారెక్టర్స్’ అన్న మాట ఉండదు. ‘మ్యాక్స్’ సంఖ్య విలువను చూస్తోందనడానికి ఆ మాట లేకపోవడమే గుర్తు.

ఒక చిన్న హెచ్చరిక. ఫొటో ఇన్‌పుట్‌కు ‘ఓల్డ్’ పనిచేయదు. ఫైలు పెట్టెను పేజీ తనంతట తాను నింపడానికి ఏ బ్రౌజరూ ఒప్పుకోదు కాబట్టి, ఫారం వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఫొటోను మళ్లీ ఎంచుకోవాలి. ఈ సంగతి ఫొటో పెట్టె పక్కనే ఒక వాక్యంలో రాసి పెట్టండి.

మీ ప్రత్యేక సమస్యకు జవాబు ఇంతే. అయితే మీరు రూల్స్ అన్నీ తీసేసి పరీక్షించిన పద్ధతి గురించి కొంత చెప్పాలి. నేను విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని పద్నాలుగేళ్లుగా కాలేజీలకు, దుకాణాలకు, గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు ఇలాంటి ఫారాలు రాసి ఇస్తున్నాను. నా దగ్గర పనిలో చేరే పిల్లలందరూ మొదటి నెలలో ఇదే చేస్తారు. ఫారం ఆగిపోగానే రూల్స్ మార్చడం మొదలుపెడతారు. రిక్వెస్ట్ ఏ గుమ్మం దగ్గర ఆగిందో తెలుసుకోకుండా రూల్‌ను ముట్టుకోకూడదు. బ్రౌజర్, వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, మిడిల్‌వేర్ (రిక్వెస్ట్‌ను దారిలో తనిఖీ చేసే కోడ్), ఆ తర్వాత వ్యాలిడేషన్: ఇన్ని గుమ్మాలు దాటితే గానీ డేటా మీ కంట్రోలర్ (దాన్ని అందుకుని సేవ్ చేసే కోడ్) దాకా రాదు. పైకి చూస్తే ‘ఫారం సేవ్ కావడం లేదు’ అన్న ఒక్క లక్షణమే కనిపించినా, ప్రతి గుమ్మానికీ దాని గుర్తు దానికి ఉంది.

బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌కు వెళ్లి, ‘ప్రిజర్వ్ లాగ్’ టిక్ చేసి సబ్మిట్ నొక్కండి. ఆ టిక్ పెట్టకపోతే పేజీ మారగానే జాబితా చెరిగిపోయి, చూడవలసిన వరుసే కనిపించకుండా పోతుంది. పోస్ట్ వరుస (ఫారం డేటాను సర్వర్‌కు పంపే రిక్వెస్ట్) అసలే రాలేదంటే ఫారం బ్రౌజర్ దాటలేదు. ట్యాబులుగా విడగొట్టిన ఫారాల్లో ఇది ఎక్కువగా జరుగుతుంది: దాగి ఉన్న ట్యాబులోని ఒక ఇన్‌పుట్‌కు ‘రిక్వయిర్డ్’ అట్రిబ్యూట్ ఉంటుంది, అది ఖాళీగా ఉంటుంది, బ్రౌజర్ దాన్ని చూపించి హెచ్చరించలేక మౌనంగా ఆగిపోతుంది. క్రోమ్ అయితే ఆ విషయాన్ని కన్సోల్‌లో మాత్రమే రాస్తుంది. ఫారం ట్యాగ్‌కు ‘నోవ్యాలిడేట్’ పెట్టి చూస్తే వెంటనే తేలిపోతుంది.

పోస్ట్ వరుస ఉంటే దాని స్టేటస్ చూడండి. 419 వస్తే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మీ సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే దాగిన సంకేతం) సరిపోలలేదు. ఫారంలో ఆ డైరెక్టివ్ మరిచిపోయి ఉండవచ్చు, లేదా సెషన్ కుకీ నిలవకపోయి ఉండవచ్చు. ముఖ్యంగా ‘సెక్యూర్’ కుకీ సెట్టింగు ఆన్ చేసి, సైటును మాత్రం హెచ్‌టీటీపీఎస్ లేకుండా తెరిచినప్పుడు ఇలా జరుగుతుంది. 403 వచ్చి, మీరు ఫారం రిక్వెస్ట్ క్లాసు (రూల్స్‌ను కంట్రోలర్ బయట విడిగా రాసే ఫైలు) వాడుతుంటే, అందులోని ‘ఆథరైజ్’ మెథడ్ చూడండి. లారవెల్ కమాండ్ పనిముట్టు ఆర్టిసన్ తయారు చేసి ఇచ్చే ఫైలులో అది ‘ఫాల్స్’ అనే ఉంటుంది. 413 అంటే ఫైలు బరువు ఎక్కువైంది. 302 వస్తే లొకేషన్ హెడర్ ఎక్కడికి పంపుతోందో చదవండి: ఫారం పేజీకే పంపుతుంటే దాదాపుగా వ్యాలిడేషనే, లాగిన్ పేజీకి పంపుతుంటే లారవెల్ మిమ్మల్ని లాగిన్ అయినవారిగా గుర్తించడం లేదు.

302 తర్వాత ఫారం పేజీ నేరుగా తెరుచుకోకుండా, మీ కోడ్‌లోనే ఉన్న ఇంకో రీడైరెక్ట్ ద్వారా మరో పేజీకి వెళితే ఎర్రర్లు దారిలోనే పోతాయి. అవి ఒక్క రిక్వెస్ట్ వరకే బతుకుతాయని పైన చెప్పాను. మధ్యలో వచ్చిన ఆ రీడైరెక్ట్ ఆ ఒక్క అవకాశాన్నీ వాడేస్తుంది. అలాంటి చోట సెషన్ ‘రీఫ్లాష్’ చేయాలి (దాచినవాటిని ఇంకో రిక్వెస్ట్ వరకు నిలపాలి), వీలైతే ఆ మధ్య రీడైరెక్ట్‌నే తీసేయాలి.

స్టేటస్ చూశాక రెండో పని, సర్వర్‌కు నిజంగా ఏం చేరిందో చూడటం. కంట్రోలర్ మొదటి వరుసలో, వ్యాలిడేట్ పిలుపు కంటే ముందు, ‘డీడీ’ ఫంక్షన్‌తో రిక్వెస్ట్ మొత్తాన్ని ముద్రించండి. ఫారం రిక్వెస్ట్ క్లాసు వాడేవారు దీన్ని కంట్రోలర్‌లో పెట్టి ప్రయోజనం లేదు, ఎందుకంటే కంట్రోలర్ మెథడ్ మొదలయ్యే లోపే ఆ క్లాసు వ్యాలిడేషన్ ముగించి వెనక్కి పంపేస్తుంది. ఆ క్లాసులోనే ‘ప్రిపేర్ ఫర్ వ్యాలిడేషన్’ మెథడ్‌లో పెట్టాలి. కొందరు ఇక్కడే ‘నా కంట్రోలర్ అసలు పిలవబడటం లేదు’ అని రౌటింగ్‌లో వెతుకుతూ ఒక రోజు పోగొట్టుకుంటారు. ముద్రించినదాన్ని చదివేటప్పుడు విలువలతో పాటు రకాలు కూడా చూడండి: ఏది స్ట్రింగ్ (పాఠం), ఏది నల్ (విలువ లేనిది), ఏ ఫీల్డ్ అసలే లేదు. ‘డిజేబుల్డ్’ పెట్టిన ఇన్‌పుట్ సర్వర్‌కు రాదు, ‘రీడ్‌ఓన్లీ’ పెట్టినది వస్తుంది. టిక్ చేయని చెక్‌బాక్స్ కూడా రాదు.

ఈ కళ్లతో మీ మిగతా రూల్స్ చదివితే, ఫోన్ సరిచేశాక వరుసగా ఎదురయ్యేవి ఇంకా ఉన్నాయి.

పేరుకు మీరు ‘ఆల్ఫా, మ్యాక్స్ 30’ పెట్టారు. ‘ఆల్ఫా’ ఖాళీ స్థలాన్ని ఒప్పుకోదు, చుక్కను ఒప్పుకోదు. మన వైపు ఇంటిపేరు మొదటి అక్షరం, దాని తర్వాత చుక్క, ఆ తర్వాత పేరు రాసుకోని విద్యార్థి ఎక్కడ ఉంటాడు? తెలుగులో టైపు చేసిన పేర్ల సంగతి ఇంకాస్త లోతైనది, దీన్ని నిదానంగా చూడాలి. ‘గుంటూరు’ అన్న మాట మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో అది ఏడు: గ, కొమ్ము, సున్న, ట, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. యూటీఎఫ్-8లో ఇరవై ఒక్క బైట్లు. ‘విజయవాడ’ కంటికి అయిదు, యూనికోడ్‌లో ఏడు, బైట్లలో ఇరవై ఒకటి. లారవెల్ ‘మ్యాక్స్’ రూల్ రెండో లెక్కను చూస్తుంది, మైఎస్‌క్యూఎల్ ‘వర్‌క్యార్’ కాలమ్ కూడా ఆ లెక్కే చూస్తుంది కాబట్టి ఆ రెండింటికీ పేచీ రాదు. కానీ సొంతంగా ‘స్ట్ర్‌లెన్’ వాడి పొడవు కొలిచే పాత కోడ్ బైట్లను లెక్కపెడుతుంది. అందులో ముప్పై అని హద్దు పెడితే పట్టేది పది యూనికోడ్ గుర్తులే, అంటే ఒక పొట్టి పేరు మాత్రమే. ఆ కోడ్‌లో ‘ఎంబీ స్ట్ర్‌లెన్’ వాడాలి. తెలుగు పేరుకు ముప్పై అన్నది యూనికోడ్ లెక్కలోనూ ఇరుకే. నేను వంద కంటే తక్కువ పెట్టను.

రెజెక్స్ సొంతంగా రాసేవారు చేసే పొరపాటు మరొకటి ఉంది. యూనికోడ్ ‘అక్షరం’ వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే గ, ట, ర వెళతాయి. గుణింతపు గుర్తులూ సున్నా ఆగిపోతాయి, ఎందుకంటే అవి ‘మార్క్’ అనే వేరే వర్గానికి చెందుతాయి. గుడి లేని, కొమ్ము లేని తెలుగు పేరు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. రెండు వర్గాలనూ రాయాలి, చివర ‘యు’ మాడిఫైయర్ పెట్టాలి. లారవెల్ సొంత ‘ఆల్ఫా’ ఈ రెండింటినీ ఒప్పుకుంటుంది.

అయినా ఒక అడ్డంకి మిగులుతుంది, అది కంటికి కనిపించదు. ‘రాజ్‌కుమార్’ అని రాసినప్పుడు జకారపు పొల్లుకూ కకారానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వెడల్పు లేని గుర్తు ఉంటుంది. అది లేకపోతే క ఒత్తుగా మారి జ కిందకు చేరుతుంది. ఈ గుర్తు అక్షరమూ కాదు, మార్కూ కాదు. కాబట్టి అన్ని అక్షరాలూ సరిగ్గా ఉన్న పేరును ‘అక్షరాలు మాత్రమే ఉండాలి’ అంటూ మీ ఫారం తిప్పి పంపుతుంది. మూడేళ్ల క్రితం గుంటూరులోని ఒక కోల్డ్ స్టోరేజీకి రైతుల పేర్లు తెలుగులో నమోదు చేసే ఫారం రాసినప్పుడు ఇది నాకు స్వయంగా ఎదురైంది. అక్కడి గుమాస్తా గారు ఒక రైతు పేరును నాలుగుసార్లు టైపు చేసి, నాలుగుసార్లూ వెనక్కి రాగా, చివరికి ఇంగ్లీషులో రాసి పంపారు. స్క్రీన్ ఫొటో చూసి నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ స్ట్రింగ్‌ను గుర్తు గుర్తుగా విడగొట్టి ముద్రించాకే 200సీ అన్న సంకేతం బయటపడింది. పేరు చివర పొల్లు వచ్చినప్పుడు కొన్ని కీబోర్డులు ఈ గుర్తును అక్కడ కూడా పెడతాయి. అప్పుడు చూడటానికి అచ్చంగా ఒకేలా ఉన్న రెండు పేర్లు పీహెచ్‌పీ పోలికలో వేర్వేరుగా తేలుతాయి.

అందువల్ల మనుషుల పేర్లకు ‘ఆల్ఫా’ వాడటం నేను పూర్తిగా మానేశాను. ‘రిక్వయిర్డ్, స్ట్రింగ్, మ్యాక్స్ 100’ చాలు; ముద్రించేటప్పుడు బ్లేడ్ రెండు మీసాల బ్రాకెట్లు ఎలాగూ ప్రమాదకరమైన గుర్తులను ఎస్కేప్ చేస్తాయి. మాట చివర మిగిలిపోయిన ఆ అదృశ్య గుర్తును మాత్రం ‘ప్రిపేర్ ఫర్ వ్యాలిడేషన్’లో కత్తిరిస్తాను. ఫోన్ నంబరులోని ఖాళీలు, ముందున్న 91 కూడా అక్కడే తీసేస్తాను. తన పేరు ఎలా ఉండాలో విద్యార్థికి మన రెజెక్స్ చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

పుట్టిన తేదీ దగ్గర ఉన్నది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మూడో వంతుకు పైగా తేదీలకు ఎర్రర్ ఇవ్వకుండా తప్పు డేటాను సేవ్ చేస్తుంది. మీ డేట్‌పికర్ 15/08/2005 అని పంపుతోంది, మీ రూల్ ‘డేట్’ అని ఉంది. ఏటవాలు గీతలు కనబడితే పీహెచ్‌పీ దాన్ని అమెరికా పద్ధతిలో నెల, రోజు, సంవత్సరంగా చదువుతుంది. పదిహేనో నెల లేదు కాబట్టి ఆ తేదీ తిరస్కరించబడుతుంది. ఆగస్టు 5న పుట్టిన విద్యార్థి 05/08/2005 అని ఇస్తే మాత్రం రూల్ దాటిపోతుంది. ఆ తర్వాత దాన్ని మీరు మామూలుగా పార్స్ చేసి సేవ్ చేస్తే మే 8 అవుతుంది. పదమూడు నుంచి పైనున్న తేదీల వారు ఫిర్యాదు చేస్తారు, పన్నెండు లోపు వారి తేదీలు ఎవరికీ తెలియకుండా తారుమారవుతాయి. హాల్ టికెట్లు ముద్రించే రోజున అది బయటపడితే దిద్దడం ఎంత కష్టమో ఆలోచించండి. అదే తేదీని అడ్డగీతలతో 05-08-2005 అని ఇస్తే పీహెచ్‌పీ రోజు, నెల, సంవత్సరంగా చదువుతుంది. ఈ ఊహాగానాల మీద ఆధారపడకుండా ‘డేట్ ఫార్మాట్’ రూల్‌లో మీ క్రమాన్ని స్పష్టంగా రాసి, సేవ్ చేసేటప్పుడు కార్బన్‌లోనూ (లారవెల్ వాడే తేదీల లైబ్రరీ) అదే ఫార్మాట్ ఇచ్చి మార్చుకోండి. లేదా హెచ్‌టీఎంఎల్ ‘డేట్’ ఇన్‌పుట్ వాడండి; తెరమీద ఎలా చూపించినా సర్వర్‌కు అది ఎప్పుడూ 2005-08-15 రూపంలోనే పంపుతుంది.

చిరునామా ఐచ్ఛికమని చెబుతూ ‘స్ట్రింగ్, మ్యాక్స్ 200’ మాత్రమే రాశారు. 2017లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి లారవెల్ ఖాళీ స్ట్రింగులను ముందే నల్‌గా మారుస్తోంది, నల్ స్ట్రింగ్ కాదు కాబట్టి ఖాళీ చిరునామా విఫలమవుతుంది. ‘నలబుల్’ చేర్చండి. హాస్టల్ చెక్‌బాక్స్‌కు ‘బూలియన్’ పెట్టారు. చెక్‌బాక్స్‌కు వాల్యూ ఇవ్వకపోతే బ్రౌజర్ ‘ఆన్’ అని పంపుతుంది, ‘బూలియన్’ రూల్‌కు ఆ మాట తెలియదు. వాల్యూను 1 అని ఇవ్వండి, దాని కంటే ముందు అదే పేరుతో 0 విలువ గల హిడెన్ ఇన్‌పుట్ పెట్టండి.

ఫొటోకు ‘ఇమేజ్, మ్యాక్స్ 2048’ బాగానే ఉంది, అంటే 2 ఎంబీ. కానీ మొదట ఫారం ట్యాగ్‌లో ‘మల్టీపార్ట్ ఫారం డేటా’ ఎన్‌కోడింగ్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఫైలు రాదు, దాని పేరు మాత్రం స్ట్రింగ్‌గా వస్తుంది. ఇప్పటి ఫోన్లతో తీసిన ఫొటో 3, 4 ఎంబీలు సులువుగా ఉంటుంది. పీహెచ్‌పీ డీఫాల్టుగా ఒక్కో ఫైలును 2 ఎంబీ వరకు, మొత్తం పోస్ట్‌ను 8 ఎంబీ వరకు ఒప్పుకుంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ అయితే డీఫాల్టుగా 1 ఎంబీ దగ్గరే 413 ఇచ్చి ఆపేస్తుంది, మీ రూల్ దాకా రానే రాదు. మొత్తం పోస్ట్ హద్దు దాటితే పీహెచ్‌పీ పోస్ట్ అర్రేను పూర్తిగా ఖాళీ చేస్తుంది. లారవెల్ దాన్ని పట్టుకుని 413 చూపిస్తుంది గానీ, మామూలు పీహెచ్‌పీలో రాసినవారికి పేరు, ఫోన్ సహా ‘అన్నీ తప్పనిసరి’ అన్న ఎర్రర్లు కట్టగట్టుకుని వస్తాయి. ఈ హద్దులు మార్చాక పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంను (వెబ్ సర్వర్ కోసం పీహెచ్‌పీని నడిపే ప్రోగ్రామ్) రీలోడ్ చేయడం మరవకండి. టెర్మినల్‌లో కనిపించే సెట్టింగులు వేరే ఫైలువి కావచ్చు కాబట్టి వెబ్ ద్వారానే సరిచూసుకోండి.

ఈ హద్దుల గురించి మాట్లాడుతున్నాను కాబట్టి, మీ కోచింగ్ సెంటరు వారు రేపు ‘అందరి మార్కులూ ఒకే పేజీలో నింపాలి’ అని అడిగే లోపు తెలుసుకోవలసిన ఒక కేసు చెబుతాను. ఇదే నేను చూసినవాటిలో అన్నిటికంటే కష్టమైనది. పైన చెప్పిన కోల్డ్ స్టోరేజీలోనే సీజను చివర నిల్వ సరిచూసే పేజీ ఒకటి ఉండేది. ఒక్కో వరుసలో ఆరు పెట్టెలు: రైతు పేరు, ఊరు, లాట్ నంబరు, టిక్కీల (బస్తాల) సంఖ్య, బరువు, అద్దె. ఆ రోజు రెండు వందల వరుసలు నింపారు. సబ్మిట్ చేస్తే 167వ వరుసలో లాట్ నంబరు, టిక్కీలు, బరువు, అద్దె తప్పనిసరి అంటూ నాలుగు ఎర్రర్లు వచ్చాయి. ఆ పెట్టెలన్నీ నిండే ఉన్నాయని అక్కడి గుమాస్తా గారు ఫోన్‌లో నాకు చదివి వినిపించారు. నేను ఆ రూల్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించలేదు.

కారణం కూడికలో ఉంది. పీహెచ్‌పీ 5.3.9 నుంచి ‘మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్’ అనే హద్దు ఉంది, దాని డీఫాల్టు విలువ 1000. ఫారంతో దాగి వెళ్లే టోకెన్ ఒకటి, మెథడ్ ఒకటి పోగా 998 మిగులుతాయి. ఒక్కో వరుసకు ఆరు చొప్పున 166 వరుసలకు 996 ఖర్చవుతాయి. 167వ వరుసలో మొదటి రెండు పెట్టెలు, అంటే పేరూ ఊరూ, వెళ్లాయి; మిగతా నాలుగూ రాలిపోయాయి. 168 నుంచి 200 వరకు ఉన్న వరుసలు సర్వర్‌కు చేరనే లేదు. లేని వరుసకు ‘ప్రతి వరుసలోనూ బరువు తప్పనిసరి’ అన్న నక్షత్రం రూల్ (* గుర్తుతో అన్ని వరుసలకూ కలిపి రాసేది) వర్తించదు కాబట్టి వాటికి ఎర్రర్ కూడా రాలేదు. టోకెన్, మెథడ్ లెక్క వేరుగా ఉండి, కోత సరిగ్గా వరుస చివర పడి ఉంటే ఫారం పచ్చగా సేవ్ అయి ముప్పై మందికి పైగా రైతుల నిల్వ లెక్కలోంచి మాయమయ్యేది. పీహెచ్‌పీ తన ఎర్రర్ లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంది. మేము చూస్తున్నది లారవెల్ లాగ్.

హద్దును 5000కు పెంచడం ఆ రాత్రికి చేసిన పని. దాన్ని కోడ్ లోపల ‘ఐఎన్ఐ సెట్’తో మార్చలేరు; అది నడిచే సరికే డేటా చదవడం అయిపోయి ఉంటుంది. మర్నాడు పేజీనే మార్చాను: వరుసలన్నీ జేసన్‌గా (డేటాను ఒకే పాఠంగా రాసే పద్ధతి) కట్టి ఒకే బాడీగా పంపడం, దానితో పాటు మొత్తం వరుసలెన్నో పంపి ఆ సంఖ్య సరిపోలిందో లేదో మొదట చూడటం. జేసన్ బాడీకి ఆ హద్దు వర్తించదు. పెద్ద పట్టికలు వచ్చే ప్రతి ఫారంలోనూ వచ్చిన వరుసల సంఖ్యను సరిచూసే రూల్ ఒకటి ఉండాలి.

జేసన్‌గా పంపేటప్పుడు ‘యాక్సెప్ట్’ హెడర్‌లో అప్లికేషన్ జేసన్ అని పెట్టండి. అది ఉంటే లారవెల్ 422 స్టేటస్‌తో ఎర్రర్ల జాబితా ఇస్తుంది. లేకపోతే ఫెచ్ పిలుపు (జావాస్క్రిప్ట్ సర్వర్‌కు పంపే రిక్వెస్ట్) ఆ రీడైరెక్ట్ వెంట వెళ్లి, ఏదో ఒక పేజీ హెచ్‌టీఎంఎల్‌ను 200తో తెచ్చి మీ జావాస్క్రిప్ట్ చేతిలో పెడుతుంది. మొబైల్ యాప్ రాసేవారు ‘మీ ఏపీఐ హోమ్‌పేజీ పంపుతోంది’ అని చెబితే ముందు అడగవలసింది ఈ హెడర్ గురించే.

లారవెల్ కాక వేరే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కులు వాడేవారి కోసం క్లుప్తంగా: కోడ్‌ఇగ్నైటర్ 4లో ‘ఆల్ఫా’ ఇంగ్లీషు అక్షరాలను తప్ప ఒప్పుకోదు, తెలుగు పేరు ఏదైనా అక్కడ ఆగుతుంది. సింఫనీలో పై ఫారం ఎర్రర్లు మాత్రమే చూస్తే లోపలి ఫీల్డుల ఎర్రర్లు కనిపించవు, ‘గెట్ ఎర్రర్స్’కు ‘ట్రూ’ ఇవ్వాలి. యీ 2లో రూల్ లేని ఫీల్డును ‘లోడ్’ అసలు నింపదు.

చివరగా ఎర్రర్ సందేశాల గురించి. మీ విద్యార్థుల తల్లిదండ్రులు ఈ ఫారం నింపుతారన్నారు కాబట్టి సందేశాలు తెలుగులో ఉండాలి. లారవెల్ 10 నుంచి ‘ల్యాంగ్’ ఫోల్డర్ ముందే ఉండదు, ఆర్టిసన్ ‘ల్యాంగ్ పబ్లిష్’తో తెచ్చుకుని ‘టీఈ’ ఫోల్డరు చేసుకోండి. అక్కడ ‘అట్రిబ్యూట్’ స్థానంలో ఫీల్డు పేరు వచ్చి కూర్చుంటుంది, దానికి విభక్తి అతికిస్తే భాష చెడుతుంది. ‘ను నింపండి’ అని రాస్తే ‘పేరును నింపండి’ బాగుంటుంది, ‘పుట్టిన తేదీను నింపండి’ అని వచ్చినప్పుడు చదివేవారికి ముల్లులా గుచ్చుకుంటుంది. అక్కడ ‘తేదీని’ కావాలి. ‘పుట్టిన తేదీ తప్పనిసరి’ అన్నట్టు విభక్తి అవసరం లేని వాక్యాలు ఎంచుకోండి, లేదా ఆరు ఫీల్డులే కాబట్టి ఒక్కోదానికి ఒక్కో సందేశం చేత్తో రాయండి. నేనైతే చేత్తోనే రాస్తాను: ‘ఫోన్ నంబరులో పది అంకెలు ఉండాలి, ముందు సున్నా, 91 వద్దు’ అని చదివితే ఎవరికైనా ఏం చేయాలో తెలుస్తుంది.

సేవ్ చేసేటప్పుడు ‘ఆల్’ వాడకుండా ‘వ్యాలిడేటెడ్’ ఇచ్చే అర్రేనే మోడల్‌కు ఇవ్వండి, రూల్ లేని ఫీల్డు ఏదీ టేబుల్‌లోకి జారిపోదు. ఇప్పుడు తీసేసిన రూల్స్‌ను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టండి, ఒక్కో రూల్ పెట్టాక ఒకసారి సబ్మిట్ చేయండి. పరీక్షకు వాడే పేరు తెలుగులో, చుక్కతో ఉండనివ్వండి. తేదీ ఒకసారి పన్నెండు లోపు, ఒకసారి పైన ఇవ్వండి. ఫొటో ఫోన్‌తో తీసినదే పెట్టండి. అప్పటికీ ఆగితే పోస్ట్ వరుస స్టేటస్, లొకేషన్ హెడర్, ‘డీడీ’ ముద్రించినది, ఈ మూడూ రాసి పంపండి, చూసి చెబుతాను.